దింపిన బరువు మళ్లీ ఎక్కకుండా – మా సంఘం అనుభవం

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో గ్రామ సంఘం తరఫున మాట్లాడిన మాటలు)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్క చెప్పి దిగిపోతాం. ఈసారి మమ్మల్ని వేరే లెక్క చెప్పమన్నారు. మా సంఘంలో తిండి అలవాట్లు మార్చుకుని బరువు తగ్గిన సంగతి చెప్పమన్నారు. మొదట సిగ్గుపడ్డాం. ఒంటి సంగతి నలుగురిలో ఎట్లా చెప్పేది అనుకున్నాం. కానీ అప్పుల సంగతి చెప్పుకోవడానికి కూడా ఒకప్పుడు ఇట్లాగే సిగ్గుపడ్డాం కదా. చెప్పుకున్నాకే దారి దొరికింది. అందుకే వచ్చాం.

మా సంఘంలో పదకొండు మందిమి. మాలో ఒకామె ఇంట్లో మిషను కుడుతుంది. సంఘం వాళ్ల జాకెట్లన్నీ ఆమే కుడుతుంది. ఆమె దగ్గర కొలతల నోటు పుస్తకం ఒకటి ఉంది. ఒకరోజు సమావేశంలో ఆ పుస్తకం తెచ్చి ముందర పెట్టింది. "అక్కా, ఏడేండ్ల కింద రాసుకున్న కొలతలు ఇవి. ఇప్పుడు ఒక్కటీ పనికిరావడం లేదు. ఏడాదికోసారి కుట్లు విప్పి వదులు చేస్తా ఉన్నా. లోపల మడిచిన గుడ్డ కూడా అయిపోయింది. ఇంక విప్పడానికి ఏమీ లేదు" అనింది. అందరం పడీ పడీ నవ్వాం.

ఆ నెలలోనే ఏఎన్‌ఎం అమ్మ, ఆశా అక్క ఊర్లో ముప్పై దాటిన వాళ్లందరికీ బీపీ, షుగరు చూశారు. మాలో నలుగురికి బీపీ ఉందన్నారు. ఇద్దరికి షుగరు అన్నారు. ఆ ఇద్దరిలో ఒకామెకు 34 ఏండ్లే. ఆమె ఇంటికి పోయి రెండు రోజులు వంట చేయలేదు. చిన్న పిల్లలు ఉన్నారు, నాకేమైనా అయితే ఎట్లా అని ఒకటే ఏడుపు. అప్పుడు మాకు నవ్వు పోయింది.

మిషను అక్క టేపు తీసి అందరి నడుము కొలిచింది. మన దేశం ఆడవాళ్లకు నడుము 80 సెంటీమీటర్లు, అంటే సుమారు ముప్పై ఒకటిన్నర అంగుళాలు దాటితే షుగరు, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని ఏఎన్‌ఎం అమ్మ చెప్పింది. పదకొండు మందిలో ఎనిమిది మందిమి దాటిపోయాం. మేమొక్కరమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో వందకు 36 మంది అధిక బరువు వాళ్లే. అదే సర్వేలో వందకు 58 మందికి పైగా రక్తహీనత ఉంది. అంటే లావుగా కనిపించినంత మాత్రాన బలంగా ఉన్నట్టు కాదు. కడుపు నిండుతోంది గానీ ఒంటికి కావాల్సింది అందడం లేదు.

ఇక్కడ మేం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. దాచుకుంటే ఈ మాటలకు విలువ ఉండదు.

టౌన్లో ఒకచోట పొడి డబ్బాలు అమ్ముతారని తెలిసింది. పొద్దున, రాత్రి అన్నం బదులు ఆ పొడి కలుపుకుని తాగాలంట. మాలో ముగ్గురం సంఘంలో అంతర్గత అప్పు తీసుకుని కొన్నాం. పుస్తకంలో "ఇంటి ఖర్చు" అని రాయించాం. ఆ ముగ్గురిలో లీడరు కూడా ఉంది. ఇది తప్పని ఈ సభలో ఒప్పుకుంటున్నాం. రెండు నెలల్లో ఐదారు కిలోలు తగ్గాం. ఊరంతా ముచ్చటగా చూసింది. డబ్బాలు అయిపోయినాయి. మళ్లీ కొనడానికి డబ్బు లేదు. ఎప్పటి చట్టి, ఎప్పటి అన్నం. దసరాకు తగ్గిన బరువు సంక్రాంతికల్లా తిరిగొచ్చింది, పైన రెండు కిలోలు వడ్డీతో సహా. కంతులు మాత్రం ఇంకా ఏడు మిగిలినాయి.

ఎందుకు తిరిగొచ్చిందని ఏఎన్‌ఎం అమ్మను అడిగాం. ఆమె వివరంగా చెప్పింది. ఒక్కసారిగా తిండి మానేస్తే మొదట పోయేది చాలావరకు నీరు. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. బరువు తగ్గిన ఒంటికి ముందంత తిండి అక్కర్లేదు, కానీ ఆకలి మాత్రం ముందుకంటే ఎక్కువ వేస్తుంది. అప్పుడు పాత తిండికి పోతే బరువు పెరగక ఏమవుతుంది? నెల రోజులు చేసి వదిలేసేది ఏదీ నిలవదు, బతికినన్నాళ్లు తినగలిగే తిండే నిలుస్తుంది అని చెప్పింది. వారానికి అర కిలో తగ్గితే చాలు, అంతకంటే తొందర వద్దనింది.

అప్పుడు మాకు అర్థమైంది, మార్చాల్సింది డబ్బా కాదు, ఇంట్లో వంట అని. కానీ ఏం మార్చాలో తెలియాలంటే ముందు ఏం తింటున్నామో తెలియాలి కదా. సంఘంలో రూపాయి ఎక్కడికి పోయిందో రాసినట్టే, వారం రోజులు నోట్లోకి పోయిందంతా రాద్దామని అనుకున్నాం. రాయడం రాని వాళ్లకు బడికి పోయే పిల్లలు రాసిపెట్టారు.

వారం తర్వాత ఆ పుస్తకాలు చదువుకుంటే మాకే నోట మాట రాలేదు. ఏడో తరగతి చదివే ఒక పాప ఇట్లా రాసింది: "రాత్రి 9:45. అమ్మ: అన్నం ఒక గిన్నె, పప్పు. తమ్ముడు వదిలిన అన్నం. నాన్న వదిలిన అన్నం. చట్టిలో అడుగున ఉన్నది." ఏడు రోజులూ అదే మాట. ఆ పాప అమ్మ కళ్ళనీళ్లు పెట్టుకుంది. మేమంతా ఇంతే కదా. అందరికీ పెట్టి చివర తింటాం. మిగిలింది పారేస్తే పాపమని కడుపులో వేసుకుంటాం. ఆకలేసి తినేది ఒక ముద్ద అయితే, మిగిలిపోయిందని తినేది ఇంకో రెండు ముద్దలు. మాలో పెద్దామె ఒకరు అప్పుడు గట్టిగా అనింది, "మన కడుపేం కుడితి తొట్టి కాదు గదమ్మా" అని. ఆ మాట మా సంఘంలో ఇప్పటికీ నిలిచిపోయింది.

పుస్తకంలో ఇంకా ఏం బయటపడినాయంటే:

టీ. లెక్క పెడితే రోజుకు ఐదు సార్లు. ఒక్కో దాంట్లో రెండు చెంచాలు చక్కెర. చెంచా ఐదు గ్రాములు అనుకున్నా రోజుకు 50 గ్రాములు, నెలకు ఒక్క మనిషికి కిలోన్నర చక్కెర టీలోనే పోతోంది.

నూనె. నలుగురున్న ఇంట్లో నెలకు ఆరు లీటర్లు. అంటే మనిషికి రోజుకు 45 గ్రాములు. మనిషికి 20 నుంచి 30 గ్రాములు చాలంట. పామాయిలైనా, బుడ్డల నూనైనా గ్రాముకు ఇచ్చే శక్తి ఒకటే, తొమ్మిది క్యాలరీలు. బియ్యం, చక్కెర గ్రాముకు ఇచ్చేది నాలుగు దాకా. అందుకే కనిపించకుండా బరువు పెంచేది నూనె.

ఉగ్గాని, బజ్జి. మన కర్నూలు వాళ్లకు ఉగ్గానిలో బజ్జి లేకపోతే తిన్నట్టే ఉండదు. వారానికి మూడు రోజులు అదే.

ఒక్కపొద్దులు. శనివారం ఒక్కపొద్దు అని పగలంతా ఉండి, రాత్రి పులిహోర, పాయసం రెట్టింపు తినడం. మాలో రోజా ఉండే అక్క కూడా అదే చెప్పింది, ఇఫ్తారులో వేయించినవి ఎక్కువైపోతాయని. ఉపవాసం తప్పు కాదు. ఉపవాసం విడిచేటప్పుడు తినేది చూసుకోవాలి.

కూర. అన్నం కంచం నిండా, కూర మాత్రం అంచుకు అద్దినంత. ఆకు కూరైతే వారానికి ఒక్క రోజు.

ఇవన్నీ చూశాక ఒక్కొక్కటే మార్చాం. అన్నీ ఒకేసారి మార్చలేదు. నెలకు ఒక మార్పు.

మొదటి నెల, బియ్యం కొలిచి పోయడం. అంతకు ముందు చేతికి వచ్చినంత పోసేవాళ్లం. ఎంత మిగులుతోందో చూసి అంత తగ్గించి వండాం. పిల్లలకు కొంచెం కొంచెం పెట్టి, కావాలంటే మళ్లీ పెట్టాం. మిగిలితే పొద్దున చద్దన్నంలో మజ్జిగ పోసుకోవడం, లేదా బర్రెలకు వేయడం. మన కడుపులోకి మాత్రం కాదు. రాత్రి భోజనం ఎనిమిది లోపే అందరితో కలిసి కూర్చుని తినడం. చెప్పినంత సులువు కాదు ఇది. మాలో ఒకామె మొగుడితో పాటు కంచం పెట్టుకుని కూర్చుంటే "ఏంది, ఇంట్లో వడ్డించే వాళ్లు లేరా?" అన్నాడంట. ఆమె ఏం మాట్లాడకుండా చట్టి తెచ్చి మధ్యలో పెట్టింది. "ఎవరికి కావాల్సింది వాళ్లు పెట్టుకుందాం" అనింది. నాలుగు రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఐదో రోజు అలవాటైపోయింది.

రెండో నెల, టీ రెండు సార్లకు, చక్కెర ఒక్క చెంచాకు. బెల్లం వేసుకుంటే బరువు పెరగదని కొందరు అంటారు. అది నిజం కాదు. బెల్లమూ చక్కెర లాంటిదే.

మూడో నెల, నూనె మూడు లీటర్లకు. నెల మొదట్లోనే మూడు లీటర్లు డబ్బాలో పోసి, మళ్లీ కొనేది లేదనుకున్నాం. బాండ్లీలో ఒంపడం మానేసి చెంచాతో కొలిచి వేశాం. ఉగ్గాని మానలేదు. బొరుగులు, ఉల్లిగడ్డలు, టమేటాలు ఎక్కువ వేసి, నూనె తగ్గించి, బజ్జి బదులు ఉడకేసిన గుడ్డు పెట్టుకున్నాం. గుడ్డు తినని వాళ్లు ఉడకేసిన అలసందలు, శనగలు తిన్నారు. మిగిలిన మూడు లీటర్ల డబ్బు పెట్టి కూరగాయలు, గుడ్లు కొన్నాం. ఖర్చు పెరగలేదు.

నాలుగో నెల, కంచం మార్చాం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో కంచంలో సగం దాకా కూరగాయలు, ఆకు కూరలు, పండ్లు ఉండాలని ఉంది. మిగిలిన సగంలోనే అన్నం లేదా రొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు. మేం ముందు కూర, పప్పు పెట్టుకుని ఆ తర్వాత మిగిలిన చోట అన్నం పెట్టుకోవడం మొదలుపెట్టాం. ముందు కూర తింటే అన్నం దానంతట అదే తగ్గింది.

ఇదంతా చూసి మాలో ఒకామె అత్త నవ్వింది. "ఏం కనిపెట్టినారే కొత్తగా? మేము తినింది ఇదే గదా. జొన్న రొట్టె, పప్పు, ఆకు కూర, మజ్జిగ. వరన్నం పండగనాడే. బజ్జి అంటే తిరునాళ్లలోనే" అనింది. ఆమె మాట నిజమే. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినాక మా మెట్ట ఊర్లలో కూడా మూడు పూటలా వరన్నం మొదలైంది. ఆ బియ్యాన్ని మేం తప్పు పట్టడం లేదు. అది రాక ముందు ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలగలేదో ఆ అత్తకే తెలుసు. కానీ అప్పటి తిండితో పాటు అప్పటి పని కూడా ఉండేది. రాగులు విసరడం, నీళ్లు మోయడం, పొలానికి నడిచి పోవడం. ఇప్పుడు మిక్సీ ఉంది, ఇంటి ముందర కొళాయి ఉంది, పొలానికి ఆటో వస్తోంది. పని తగ్గింది, అన్నం తగ్గలేదు, నూనె పెరిగింది.

ఆ అత్త దగ్గరే రొట్టె తట్టడం మళ్లీ నేర్చుకున్నాం. రాత్రి పూట జొన్న రొట్టె, లేకుంటే కొర్రన్నం. అయితే ఒక మాట. కొర్రలు తింటే ఎంత తిన్నా బరువు పెరగరని ప్రచారం ఉంది. కొర్రల్లోనూ, బియ్యంలోనూ శక్తి దాదాపు ఒకటే. కొర్రల్లో పీచు ఎక్కువ కాబట్టి కడుపు నిండినట్టు ఉంటుంది, ఆకలి తొందరగా వేయదు. అంతే. రెండు గిన్నెల కొర్రన్నం తింటే రెండు గిన్నెల అన్నం తిన్నట్టే.

దీంతో పాటు రాత్రి భోజనం అయినాక అరగంట నడక. ఒక్కరమే పోతే ఊర్లో అడుగుతారు. ఎనిమిది మందిమి కలిసి చెరువు కట్ట దాకా పోతే ఎవరూ అడగలేదు. ఇప్పుడు మా వెంట వేరే సంఘాల వాళ్లు కూడా వస్తున్నారు.

ఇక సమావేశం సంగతి. నెలకు రెండు సార్లు కూర్చుంటాం. ప్రతిసారీ బజ్జీలు, కూల్ డ్రింకు. ఇంట్లో మానుకున్నది సంఘంలో తింటున్నాం. అందుకని తీర్మానం చేశాం. మినిట్స్ పుస్తకంలో ఇట్లా రాసి అందరం సంతకాలు, వేలిముద్రలు వేశాం: "ఇకమీదట సంఘ సమావేశంలో మజ్జిగ, గుగ్గిళ్ళు మాత్రమే ఇవ్వవలెను." ఖర్చు సగానికి సగం తగ్గింది.

ఇప్పుడు ఫలితం చెబుతాం. మొదలుపెట్టి పద్నాలుగు నెలలైంది. ఎనిమిది మందిలో ఐదుగురు నాలుగు నుంచి ఏడు కిలోల దాకా తగ్గారు. ఇద్దరు రెండు, మూడు కిలోలు తగ్గారు. ఒకామె బరువు తగ్గలేదు గానీ నడుము అంగుళం తగ్గింది. పొడి తాగినప్పుడు రెండు నెలల్లో తగ్గిన దానికి ఇది పెద్దగా కనిపించదు. కానీ ఇది తిరిగి రాలేదు. మొత్తం బరువులో వందకు ఐదు వంతులు తగ్గినా బీపీకి, షుగరుకు మేలు జరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. 34 ఏండ్ల చెల్లెలు మందులు మానలేదు, మానకూడదు కూడా. కానీ ఆమె షుగరు అదుపులోకి వచ్చింది. ఆమె ఇప్పుడు ముందు వరసలో కూర్చుని ఉంది.

తిరిగి రాలేదన్నాం గానీ, అసలే రాలేదని కాదు. శ్రావణ మాసంలో పెళ్లిళ్లు వచ్చినాయి. ఉగాదికి భక్ష్యాలు చేసుకున్నాం, నెయ్యి వేసుకుని తిన్నాం. మాలో లీడరుకే చెల్లెలి పెండ్లిలో మూడు కిలోలు పెరిగింది. ఆ నెల బరువు చూసుకోవడానికి రానని ఇంట్లోనే ఉండిపోయింది. అప్పు కట్టలేని నెల సమావేశానికి రాకుండా తప్పించుకున్నట్టే ఇది కూడా. మేం పోయి పిలుచుకొచ్చాం. అప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. పండగనాడు తినండి, భయపడకండి. మర్నాటి నుంచి మామూలు తిండికి రండి. రెండు కిలోలు పెరిగితే దాచకుండా సంఘంలో చెప్పండి, వారం రోజులు మళ్లీ పుస్తకం రాయండి. ఒక కంతు తప్పితే ఎవరూ సంఘం వదిలిపోరు కదా, వచ్చే నెల కట్టుకుంటారు. ఇదీ అంతే. ఆ మూడు కిలోలు దిగడానికి లీడరుకు రెండు నెలలు పట్టింది.

నెలకోసారి బరువు, నడుము చూసుకుంటాం. ఎవరి లెక్క వాళ్ల పాస్ పుస్తకం చివరి పేజీలో పెన్సిలుతో రాసుకుంటారు. పైకి చదవము. ఎవరినీ లావని ఎగతాళి చేయకూడదు. చేస్తే పది రూపాయలు జరిమానా. ఇప్పటికి ఇద్దరు కట్టారు.

జాగ్రత్తలు కూడా చెప్పి ముగిస్తాం. మా పదకొండు మందిలో ముగ్గురు దీంట్లో చేరలేదు. ఒకామె బాలింత. ఇద్దరు సన్నగా, రక్తం తక్కువగా ఉన్నారు. వాళ్లు తిండి తగ్గించకూడదు, ఇంకా మంచిగా తినాలి. గర్భిణులు కూడా తగ్గించకూడదు. షుగరు మాత్రలు, ఇంజక్షన్లు తీసుకునే వాళ్లు డాక్టరుకు చెప్పకుండా పూట మానేస్తే షుగరు ఒక్కసారిగా పడిపోయి కళ్లు తిరుగుతాయి, ప్రమాదం. ఉన్నట్టుండి బరువు పెరిగినా, తగ్గినా ఆస్పత్రిలో చూపించుకోవాలి.

సమాఖ్యకు మా మనవి రెండే. ఒకటి, సమాఖ్య సమావేశాల్లో కూడా బజ్జీ, కూల్ డ్రింకు బదులు మజ్జిగ, గుగ్గిళ్ళు ఇవ్వాలి. రెండు, ప్రతి గ్రామ సంఘానికి ఒక బరువు మిషను, ఒక టేపు ఉండేటట్టు చూడాలి. అక్కచెల్లెళ్లకు మా మనవి ఒకటే. ఈ రాత్రి ఇంటికి పోయి, చివర కాకుండా అందరితో పాటు కూర్చుని తినండి. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

పోయిన నెల మిషను అక్క మా ఐదుగురి జాకెట్లు తీసుకుని, వదులు చేసిన కుట్లు మళ్లీ లోపలికి వేసింది. డబ్బు తీసుకోలేదు. "ఇంకో ఏడాది ఇట్లాగే ఉంటే అప్పుడు ఇద్దురు గానీ" అనింది. ఆ డబ్బు కట్టాలనే మా ప్రయత్నం.